ఎర్ర పట్టీ మునిగిన పూట

మా బోటు ఎడమకి వాలుతోందని మొదట చెప్పింది నా మరిది. బోటులో పరిచిన పలక మీద టీ గ్లాసు పెడితే దానంతటదే జారి ఎడమవైపుకి వెళ్ళిపోతోందట. “వాలేది బోటు కాదు, నీ చెయ్యేమో చూసుకో” అని వెక్కిరించాను. తీరా రేవులో నిలబడి చూస్తే నిజంగానే వాలింది.

పోయినేడాది వరకూ మాది చెక్క నావ. ఈ ఏడే ఫైబర్ బోటు తీసుకున్నాం. చేపల వేట నిషేధం రోజుల్లో దానికి కొత్త రంగులు వేసుకున్నాం. నీటిమట్టానికి జానెడు పైన చుట్టూ ఎర్ర పట్టీ వేసింది నేనే. మా ఆయనకి చెయ్యి నిలవదు.

ఇంజిను పక్కకి బిగించామేమోనని విప్పి మళ్ళీ బిగించారు. వలలన్నీ కుడివైపుకి మార్చారు, ఐసు పెట్టె జరిపారు. అడుగున నీళ్ళు చేరాయేమోనని పలకలెత్తి చూస్తే గుడ్డ పెట్టి తుడిచినట్టు పొడిగా ఉంది. అయినా వేటకి వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఇంకాస్త వాలేది. అన్నదమ్ములిద్దరికీ బుర్ర పనిచేయడం మానేసింది.

మా మావగారు జీవితమంతా చెక్క నావ మీదే బతికిన మనిషి. “ఏటర్రా అంత హైరానా? కుడి పక్క రెండు ఇసక బస్తాలు ఏసెయ్యండి. అదే సరవుద్ది” అన్నారు. నావ ఒరిగితే ఆయన రోజుల్లో అలాగే చేసేవారట. బస్తాలు వేశారు. బోటు నిటారుగా నిలబడింది. అందరూ అమ్మయ్య అనుకున్నారు, నేనూ అనుకున్నాను.

మర్నాడు తెల్లవారుతుండగా అన్నం క్యారేజీ పట్టుకుని రేవుకి వెళ్ళాను. గాలి విసురుగా ఉంది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి. మావాళ్ళు దాటాల్సింది అక్కడే. క్యారేజీ అందించబోతూ బోటు పక్కకి చూశాను. నా ఎర్ర పట్టీ కనబడలేదు. గట్టు మీదే నడిచి అవతలి పక్క చూశాను. అక్కడా లేదు.

“ఏవండీ, ఆగండి! బోటు దిగిపోయింది. పట్టీ నీళ్ళలో ఉంది.”

“బస్తాలేశాం కదే. ఆమాత్రం దిగదా?”

“రెండు బస్తాలకి జానెడు దిగుద్దా? వాలడం పోయి మునగడం మొదలెట్టిందండీ ఇది. మొగలో ఒక్క కెరటం లోపలికొస్తే ఏం చేస్తారు?”

“ఎల్లేముందు ఆ మాటలేటమ్మాయ్!” అని మావగారు కసిరారు. మరిది అప్పటికే ఇంజిను తాడు చేతికి చుట్టుకున్నాడు. నా పసుపు కుంకుమలూ, మా తోడికోడలివీ ఆ ఒక్క బోటులోనే ఉన్నాయి. నా మాట ఎవరూ వినడం లేదు.

మా ఇంట్లో ఓ పట్టింపు ఉంది. వేటకి బయల్దేరే పూట ఆడది బోటెక్కితే ఆ రోజుకి ఆ బోటు కదలదు. ఆ పట్టింపంటే నాకు పెళ్ళయిన నాటి నుంచీ ఒళ్ళుమంట. ఆ పూట మాత్రం అదే నాకు దిక్కయింది. కుచ్చిళ్ళు దోపుకుని నీళ్ళలోకి దిగి, అంచు పట్టుకుని బోటెక్కి, ఐసు పెట్టె మీద చతికిలబడ్డాను.

“ఓసినీ! దిగవే!” అని మా ఆయన అరిచారు.

“దిగను. ఏం చేసుకుంటారో చేసుకోండి.”

మావగారు తుండుగుడ్డ నేలకేసి కొట్టారు. “ఇంకేటి ఎల్లేది! గంగమ్మకే ఎదురెల్లింది మహాతల్లి!” అని అటు తిరిగిపోయారు. బోటులో ఏ లోపమూ దొరక్కపోతే రేపట్నుంచి ఆ ఇంట్లో నా బతుకేమిటో తలుచుకుంటే భయమేసింది.

వేట ఎలాగూ పోయింది కదా అని బస్తాలు దింపి, పక్క బోటు వాళ్ళని పిలిచి, ఒడ్డుకి లాగి ఎడమవైపుకి ఒరగదీశారు. కాసేపు ఏమీ లేదు. మా ఆయన నావైపు కొరకొరా చూశారు. అంతలో ముందు భాగంలో పక్కగోడ నుంచి సన్నగా నీటిధార మొదలైంది. దాని పక్కన ఇంకోటి. ఆ పక్కన మరోటి.

ఫైబర్ బోటుకి పక్కగోడ రెండు పొరలు. బోటు మునక్కుండా మధ్యలో థర్మోకోల్ కుక్కి మూసేస్తారు. ఆ గోడే నీళ్ళు తాగి కూర్చుంది. ఎంతసేపటికీ ధార ఆగదు. “బాబోయ్, ఇంత నీరు ఏసుకుని మొగకి ఎల్లబోయేమా వదినా” అని మరిది అక్కడే కూలబడ్డాడు.

ప్రతి ధార దగ్గరా తుప్పు పట్టిన మేకు ఉంది. నిషేధం అయిపోయాక గంగమ్మ పూజకి నిమ్మకాయల దండ కట్టడానికి మావగారు స్వయంగా కొట్టిన మేకులవి. ఆ రోజు బోటు ఎడమ పక్క ఒడ్డువైపు ఉంది, అందుకని అటే కొట్టారు. ఏటేటా చెక్క నావకీ అలాగే కొట్టేవారు. చెక్క నీటికి ఉబ్బి మేకుని బిగించేసుకుంటుంది. ఫైబర్ ఉబ్బదు. కెరటం తగిలినప్పుడల్లా ఆ బెజ్జాల్లోంచి నీరు లోపలికి పోయింది.

మావగారు నెమ్మదిగా దగ్గరికొచ్చి ఒక్కో మేకూ వేలితో తడిమారు. “నా కొడుకులు సల్లగా ఉండాలనే కొట్టేనమ్మా” అన్నారు. దులిపేద్దామని నేను దాచుకున్న మాటలన్నీ ఎటుపోయాయో, నాకు ఏడుపొచ్చేసింది.

తడిసిన థర్మోకోల్ తీయించి కొత్తది కుక్కించి, బెజ్జాలు పూడ్పించి, బోటుని మళ్ళీ నీళ్ళలోకి దింపాం. బయల్దేరే పూట మావగారు దండ పట్టుకుని వచ్చారు. చేతిలో సుత్తి లేదు.

“దీన్ని దేనికి కట్టాలమ్మా?”

కోడలిగా వచ్చాక ఆయన నన్నొక మాట అడగడం అదే మొదలు.

“ఎక్కి చూస్తేగానీ చెప్పలేనండి మావయ్యా” అన్నాను, కావాలనే. “బయల్దేరే పూటా?” అన్నారు మా ఆయన.

మావగారు దండ నా చేతికిచ్చారు. ఆ తరవాత నీళ్ళలోకి దిగి, బోటు కదలకుండా రెండు చేతులా పట్టుకుని, “జాగర్తమ్మా, అంచు జారుద్ది” అన్నారు.