గేటు దాటిన ఓబులమ్మ

ఊళ్లో ఒక దినపత్రికకు వార్తలు రాసుకునే నేను కువైట్ వచ్చి, అర్దియాలో ఒక ఇంటికి డ్రైవర్‌గా కుదిరి చాలా ఏళ్లయింది. ఆ ఇంట్లో వంటమనిషి కడప ఓబులమ్మ. కూతురి కాన్పుకు లీవు అడిగినప్పుడల్లా యజమానురాలు, మేమంతా మామా అని పిలిచే ఆవిడ, "రంజాన్ తర్వాత" అనేది.

ఒక మధ్యాహ్నం మండుటెండలో ఓబులమ్మ సంచీతో బస్టాపులో కనిపించింది.

"ఎక్కడికమ్మా?"

"పని మానేసినా అన్నా. మన ఊర్లో పని మానాలంటే మర్నాడు పోకుంటే సాలదా?"

ఇక్కడ లీవంటే వెళ్లి రావడం. ఎగ్జిట్ అంటే ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే అనుమతి, రద్దు చేయించుకుని వెళ్లిపోవడం. చెప్పకుండా గేటు దాటితే మాత్రం అబ్‌స్కాండింగ్, అంటే పరారీ కేసు. అది పడితే ముందు ఎక్కేది విమానం కాదు, పోలీసు జీపు.

"మామా ఫిర్యాదు చెయ్యకముందే కారెక్కు తల్లీ," అన్నాను.

గేటు దగ్గర మామా ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది.

"ఇంటికి పోవాలంటోంది మామా. మీరే పంపండి," అన్నాను.

మామా ఫోన్ కిందికి దించింది. "లీవు లేదు. పోతే ఖలాస్, ఎగ్జిట్," అంది. ఓబులమ్మ తలూపింది.

ఎగ్జిట్ కాగితాలు పూర్తయ్యాక విమానాశ్రయంలో దింపినప్పుడు ఆమెకు ఇఖామా లేదు, తిరిగొచ్చే పనీ లేదు. అయినా సంచీ ఎత్తుకుని, "పోయొస్తా అన్నా," అంది. పోతాను అనడం మనకు అలవాటు లేదు కదా.

"మంచిదమ్మా, వెళ్లి రా," అన్నాను నేనూ.