మలియమ్మ కత్తి

ఇప్పుడు నేనుంటున్న ఫుజైరాలో మా కిటికీ తెరిస్తే కొన్ని ఉదయాలు సముద్రపు గాలితో పాటు ఓడలకు పట్టే నూనె వాసన లోపలికి వస్తుంది. ఆ వాసన తగలగానే తువ్వాలు గుడ్డను బిగించి చుడుతున్నట్టు నా వేళ్లు వాటంతట అవే మడతపడతాయి. కరోనా తగ్గాక దుబాయ్ ఎడారి క్యాంపులో ప్రదర్శనలు మళ్లీ మొదలైన రోజుల్లో నా పని అదే. నిప్పుకత్తి నాట్యం చేసేవాళ్ల కత్తి చివరలకు గుడ్డ చుట్టి, తీగతో కట్టి, నూనెలో తడిపి ఇవ్వాలి. ఆ పని నాకు నేర్పింది మలియమ్మ.

ఆ పేరు చివరి 'అమ్మ' నేను చేర్చి పిలిచిందే, ఆమెది పసిఫిక్ సముద్రంలోని సమోవా. అరవైకి దగ్గరపడిన మనిషి. నిప్పుతో ఆడేవాళ్లకు నాట్యం నేర్పేది. ప్రదర్శన మొదట్లో మాత్రం, నిప్పు లేకుండా, తన తండ్రి ఇచ్చిన కత్తితో ఒక్కతే ఆడేది. చెక్క పిడి, మూరెడు పైన ఇనుము, కొసన వెనక్కి వంగిన కొక్కెం. వాళ్ల ఊళ్లో పెద్ద ఇంటి ఆడపిల్ల ఆ కత్తి తిప్పుతూ ముందు నడిస్తే తక్కినవాళ్లంతా వెనక నడుస్తారట. కత్తి పేరు నిఫో ఓటి. మృత్యువు కోర అని అర్థం చెప్పింది.

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. నరసాపురం దగ్గర మా అమ్మ లేసు అల్లుతూ, ఒళ్లో బైబిలు పెట్టుకుని నాకు అక్షరాలు నేర్పింది. మలియమ్మకూ అలాగే తండ్రి నేర్పాడట. హిందీ, ఇంగ్లీషు కలిసిన క్యాంపు భాషలో మా కబుర్లు నడిచేవి. మొదటి రోజు నేను ప్రార్థన గొణుక్కుంటూ కట్టిన ముడిని గట్టిగా లాగి చూసి, "నీ ప్రార్థన కంటే నీ ముడే గట్టిగా ఉంది" అని నవ్వింది.

ఆదివారం చర్చికి వెళ్తూ ఆ కత్తిని, నాట్యం బట్టలు కుట్టే గదిలో నా చేతికిచ్చేది. "రెండు చేతులతో పట్టుకో. ఎవరి చేతిలోంచి తీసుకున్నావో వాళ్ల చేతికే ఇవ్వాలి. మధ్యలో బల్ల ఉండకూడదు, నేల ఉండకూడదు, ఇంకో మనిషి ఉండకూడదు."

"మీ దేశంలో ఆచారమా?"

"మా నాన్న ఆచారం."

ఆమె తిరిగి వచ్చేదాకా దాన్ని ఒళ్లోనే ఉంచుకుని కూర్చునేదాన్ని. ఒక మనిషి నన్ను అంతగా నమ్మడం అదే మొదలు.

మా ముదీర్, అంటే క్యాంపు మేనేజరు, కరీంనగర్ ఆయన. కరోనాలో నేను పనిచేసే ఇంటివాళ్లు పొమ్మంటే, దుబాయ్ చివర అల్ వర్సాన్‌లో ఎవరి గదిలోనో నేల మీద పడుకుని వీసా గడువు రోజులు లెక్కపెట్టుకుంటున్న నన్ను పిలిచి పని ఇచ్చారు. ప్రార్థనలో మా అమ్మ పేరు కంటే ముందు ఆయన పేరే చెప్పేదాన్ని. ఒక ఆదివారం ఆయన కుట్టు గదికి వచ్చారు.

"అక్కా, ఆ ముసలామె కత్తి జర ఇయ్యి. కొల్తలు తీస్కోని గంటల తెచ్చిస్త."

"ఆవిడ చేతిలోంచి తీసుకున్నానండి. ఆవిడకే ఇవ్వాలి."

"గంత అనుమానమా? వీసా ఇచ్చిననాడు నేను నిన్ను గిన్ని ప్రశ్నలు అడిగిన్నా?"

మాట్లాడుతున్నంతసేపూ ఆయన నన్ను చూడలేదు, కత్తినే చూస్తున్నారు. అది గమనించి కూడా ఇచ్చాను. రెండు చేతులతో ఇచ్చాను. ఆ మర్యాద ఒక్కటి పాటించినందుకు ఇప్పటికీ నా మీద నాకు రోత.

సాయంత్రం కత్తి తిరిగి వచ్చింది. కొక్కెం కోసేశారు. అంచు అరగదీశారు. ఇనుము పొడవునా రంగు బల్బులకు వరసగా రంధ్రాలు పెట్టారు. "గెస్టుల పిల్లలు భయపడుతున్నరు. ఇగ లైట్ల కత్తి, మంచిగుంటది" అన్నారు ముదీర్.

మలియమ్మ దాన్ని ముట్టుకోలేదు. నన్ను అడిగింది.

"ఎవరిచ్చారు?"

"నేనే."

"అడిగాడా, లాక్కున్నాడా?"

"అడిగారు."

తల ఊపింది. "లాక్కుని ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం."

ఆ తర్వాత ఆమె ఆడలేదు. ముదీర్ రెండు వారాలు చూసి, "ఖలాస్, ఆమె లేకున్నా షో నడుస్తది" అని వీసా రద్దు చేయించారు. అన్ని రోజులూ కత్తి నా దగ్గరే ఉండిపోయింది. వెళ్లే రోజు వ్యాను పక్కన నిలబడి రెండు చేతులూ చాచింది. "నా దగ్గర తీసుకున్నావు. నాకివ్వు." ఇచ్చాను. "థాంక్యూ" అంది. ఆ మాట నేను ఎన్ని వేలసార్లు ఎంతమందికి చెప్పి ఉంటానో. అది ఇంత బరువుగా కూడా ఉంటుందని ఆరోజే తెలిసింది.

తర్వాత వారానికి వర్క్‌షాపులో వెల్డింగ్ చేసే బిహారీ పెద్దాయన ఒక ఇనుపముక్క తెచ్చి, "తుక్కులో దొరికింది, పారేయబుద్ధి కాలేదు" అని నా బల్ల మీద పెట్టాడు. ఆ కొక్కెమే.

ముదీర్ పేరు ఇప్పటికీ నా ప్రార్థనలో ఉంది. ఆయన చేసిన మేలు అబద్ధం కాదు. కానీ మేలు చేసినవాళ్లు ఏదైనా అడిగితే, అది ఇవ్వడానికి నాదేనా అని ముందు చూసుకుంటున్నాను. ఆ చూపు మలియమ్మ నేర్పిందే, చాలా ఆలస్యంగా వంటబట్టింది. కొక్కెం నా లేసు సూదుల డబ్బాలో ఉంది. ఆమె ఫోను నంబరూ ఉంది. కొరియర్‌లో పంపేయొచ్చు కదా అంటుంది నా గదిలో ఉండే నర్సమ్మ. పంపలేను. మధ్యలో ఇంకో మనిషి ఉండకూడదు.