పెట్టెల దుకాణంలో కనబడ్డ పొగ

మార్చి రెండో శుక్రవారం. ఉదయం పది గంటలకు మా గల్లీ మ్యాన్‌హోల్ దగ్గర ఉన్నవారు: డ్రైనేజీ కాంట్రాక్టరు తరఫున వచ్చిన ఇంజనీరు, ఆయన పనివాళ్లిద్దరు, మా కాలనీ సంఘం కార్యదర్శి, రేకు పెట్టెలు చేసి అమ్మే భాయ్, నేను. కార్యదర్శి తన ఇంటి మెట్లు దిగలేదు కానీ ఆయనను కూడా ఉన్నట్టే రాసుకున్నాను.

ఏన్కూరు, దమ్మపేటల్లో కలప డిపో గుమాస్తాగా పనిచేసిన రోజుల నుంచి నాకు డైరీ రాసే అలవాటు. ఎవరు వచ్చారు, ఎప్పుడు వచ్చారు, ఏం చేశారు అన్నవే రాస్తాను. ఎందుకు చేశారన్నది రాయను. చాలామందికి అది తమకే తెలియదు.

వానాకాలం నుంచి మా గల్లీలో మురుగు పైకి పొంగుతోంది. పైపు ఎక్కడ పగిలిందో, వాననీళ్లు ఎక్కడి నుంచి అందులోకి దిగుతున్నాయో తెలుసుకోవడానికి ఈ పొగ పరీక్ష. మ్యాన్‌హోల్ మీద ఫ్యాను లాంటి మిషన్ పెట్టి లోపలికి తెల్లటి పొగ ఊదుతారు. లోపం ఉన్న చోట పొగ బయటికి వస్తుంది. పద్ధతి మంచిదే. దాన్ని నడిపే మనుషుల మాటే వేరు.

పది గంటల పది నిమిషాలకు మిషన్ మొదలైంది. నాలుగు నిమిషాలకు కార్యదర్శి ఇంటి డాబా మీది వాననీటి గొట్టంలోంచి పొగ లేచింది. అంటే ఆ డాబా మీద కురిసే వానంతా దొంగచాటుగా డ్రైనేజీలోకి పోతోంది. మురుగు పొంగడానికి ఇంకో కారణం వెతకనక్కర్లేదు.

"అది మా వంటింటి పొగ," అన్నాడు కార్యదర్శి.

"గ్యాసు పొయ్యికి గంత పొగొస్తదా?" అన్నాడు భాయ్.

"నువ్వు నీ డబ్బాలు కొట్టుకో భాయ్. సార్, చాయ్ చల్లారుతున్నది, లోపలికి రాండ్రి."

ఇంజనీరు లోపలికి వెళ్లాడు. డాబా మాత్రం ఎక్కలేదు.

పది ఇరవైకి పొగ మందు అయిపోయి పనివాళ్లు మిషన్ ఆపారు. వాళ్లు కొత్త డబ్బా మూత తీస్తుండగా, ప్రతి శుక్రవారం వచ్చే ఫకీరు వచ్చాడు. ఒక చేతిలో నిప్పుల గిన్నె, ఇంకో చేతిలో నెమలీకల కట్ట. భాయ్ నిప్పుల మీద చిటికెడు ఊదు, అంటే సాంబ్రాణి పొడి, వేశాడు. ఫకీరు దుకాణం నాలుగు మూలలకూ పొగ పట్టించి, కట్టతో విసిరి వెళ్లిపోయాడు. ఆ పొగ పడనిదే మా బజారులో శుక్రవారం బేరం మొదలుకాదు, పక్కనున్న కోమటి కిరాణా కొట్టుతో సహా.

ఇంజనీరు చాయ్ ముగించి వచ్చేసరికి పెట్టెల మధ్య ఆ పొగ ఇంకా ఆడుతోంది. ఆయన ముక్కుకు మాస్కు ఉంది. దుకాణం వైపు ఒక్క చూపు చూసి ఫారం మీద టిక్కు కొట్టాడు.

"ఇక్కడ లీకు ఉంది. అక్రమ కనెక్షన్. రేపు పొద్దున మూసేస్తాం."

"సార్, అది ఊదు పొగ. వాసన చూడుండ్రి జర."

"ఏ పొగైనా పొగే."

"మిషన్ ఆగి అయిదు నిమిషాలైంది," అని నేను డైరీ చూపించాను.

"మీ డైరీ నాకెందుకు పెద్దాయనా? ఫారం నింపడం అయిపోయింది."

అడవిలో ఇప్పపూలు ఏరే ఆడవాళ్లు కొండ మీద లేచే పొగను చూసి, అది పోడు పొగో, వంట పొగో దూరం నుంచే చెప్పేవారు. ఈ ఇంజనీరుకు కాలేజీలో ఆపాటి చదువు దొరికినట్టు లేదు.

భాయ్ ముఖం వాడిపోయింది. దుకాణం వెనకే వాళ్ల ఇల్లు. ఉన్నది ఒకటే పాయఖానా. ఆయన భార్యకు మోకాలి ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు. నాలుగు కాళ్ల స్టాండు పట్టుకుని అక్కడిదాకా నడవడమే ఆమెకు గండం. కనెక్షన్ మూసేస్తే ఆమె ఎక్కడికి వెళ్లాలో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

సాయంత్రం, భాయ్ కనెక్షన్ మూయొద్దని మూడు పేజీల అర్జీ రాసి కార్యదర్శి సంతకం కోసం వెళ్లాను.

"వాళ్ల లొల్లి మనకెందుకు సార్," అన్నాడాయన. అప్పటికే ఆయన డాబా గొట్టం మూతికి తడి గోనెసంచి చుట్టి తాడుతో కట్టి ఉంది. మర్యాదను కాపాడుకోవడంలో ఆయన చురుకు అలాంటిది.

మర్నాడు ఉదయం ఏడున్నరకు పనివాళ్లిద్దరే సిమెంటు తట్టతో వచ్చారు. ఇంజనీరు రాలేదు, ఫోన్లోనే పని చెప్తున్నాడు. భాయ్ భార్య అప్పటికే దుకాణం పక్క సందులో తమ పాయఖానా పైపు చాంబర్ మూత మీద ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"జరుగమ్మా, మూత తియ్యాలె," అన్నాడు పెద్ద పనివాడు.

"నన్ను లేపితే మళ్ల కూసోవెట్టనీకి ఇద్దరు గావాలె బేటా. ముందుగాల నీ మిషన్ పెట్టు. నా ఇంట్ల పొగొస్తే నేనే లేస్త."

ఆ పనివాడిది కారేపల్లి వైపు, అడవి పక్క ఊరు. ఊదు వాసన నిన్ననే తెలిసిందట. ఎవరూ అడగలేదు కనుక చెప్పలేదట. ఆ విషయంలో ఇంజనీరుకు తగ్గ పనివాడే. కానీ మిషన్ పెట్టాడు.

పది నిమిషాలు చూశాం. పెట్టెల దుకాణంలో పొగ జాడ లేదు. పైన దారి మూసుకుపోయిన పొగ కార్యదర్శి బాత్రూం తూములోంచి ఎగదన్ని కిటికీలోంచి గల్లీలోకి వచ్చింది. వెనకే ఒంటి నిండా సబ్బు నురగతో, లుంగీ పట్టుకుని ఆయనా వచ్చాడు.

"ఆపుండ్రి ఆ మిషన్."

"ఏంది సారు, మీ ఇంటికి ఫకీరు శనివారం వస్తడా?" అన్నది ఆమె కుర్చీలోంచి.

పనివాడు ఫోన్ చేసి చూసింది చూసినట్టు చెప్పాడు. కార్యదర్శి పేరు వినగానే ఇంజనీరు, రెండిళ్లనూ వదిలేసి వచ్చేయమన్నాడట. వాళ్లు సిమెంటు తట్ట ఎత్తుకుని వెళ్లిపోయారు.

"లెవ్వు ఇగ, పోయిండ్రు," అన్నాడు భాయ్.

"ఫారం చింపిండ్రా?"

"చింపలే."

"గట్లయితే చాయ్ ఈడికే తే," అన్నది ఆమె.