లేని ఓవరీ బాగుందని రాసిన రిపోర్టు

ఆ రోజు ఉదయం రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నాను. మా ఆయన శేఖర్ పక్కనే మగ్గం మీద లుంగీ నేస్తున్నాడు. నడుములో సన్నగా నొప్పి మొదలైంది. లేచి వెళ్లి చూసుకుంటే బట్టకు గోధుమరంగు మరక. లెక్క ప్రకారం అది ఏడో వారం. పెళ్లయిన నాలుగేళ్లకు నిలిచిన మొదటి కడుపు.

మాది తమిళనాడులో వేలూరు దగ్గరి గుడియాత్తం. అత్తను వెంటబెట్టుకుని షేర్ ఆటోలో దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కి వెళ్లాను. అక్కడి డాక్టరమ్మ స్కాన్ రాసింది. స్కాన్ గది ఆ భవనంలోనే కింద ఉంది.

ఆ గది తలచుకుంటే ఇప్పటికీ నాకు రోత పుడుతుంది. మంచం మీది రెక్సిన్ షీటు మీద నాకంటే ముందు పడుకున్నామె జెల్ జిగటగా అలాగే ఉంది. తుడవమని అడిగితే ఆయా, "పడుకోమ్మా, ఏం కాదు" అంది. స్కాన్ డాక్టరు చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని తన ఇంటి ఏసీ మెకానిక్‌ని తిడుతున్నాడు. నా పేరు అడగలేదు. ఇంతకుముందు ఏదైనా ఆపరేషన్ జరిగిందా అని అడగలేదు. పొట్ట మీద స్కాన్ పరికరాన్ని రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పాడు. ఫోన్ పక్కకు జరిపి, టైప్ చేసే అమ్మాయితో, "హార్ట్‌బీట్ లేదు, మిస్డ్ అబార్షన్ అని పెట్టు" అన్నాడు. మళ్లీ ఏసీ సంగతి.

నా బిడ్డ లేదన్న మాట నాతో ఎవరూ చెప్పలేదు. నా మీదుగా ఇంకొకరికి చెప్పారు.

పైన డాక్టరమ్మ రిపోర్టు చూసింది, నన్ను చూడలేదు. "కడుపు శుభ్రం కావాల. ఈ మాత్రలు రేపు పొద్దున వేసుకో" అని కవరు చేతిలో పెట్టింది. మళ్లీ ఒకసారి చూస్తారా అని అడిగాను. "మెషీన్ అబద్ధం చెప్పదమ్మా" అంది.

ఇంటికొచ్చి ఏడ్చాను. కాసేపటికి ఆ రిపోర్టు తీశాను. నేను పదో తరగతి దాకా తమిళంలో చదివాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలను. కింది నుంచి మూడో వరుసలో 'బోత్ ఓవరీస్ నార్మల్' అని ఉంది.

నాకు పందొమ్మిదేళ్లప్పుడు ఎడమ ఓవరీలో పెద్ద సిస్ట్ వచ్చింది. వేలూరులో ఆపరేషన్ చేసి ఆ ఓవరీని పూర్తిగా తీసేశారు. లేనిదాన్ని ఈయన ఎలా చూశాడు?

మరునాడు మాత్ర మింగకుండా అత్తతో కలిసి మళ్లీ ఆ స్కాన్ గదికి వెళ్లాను. "నాకు ఉండేది ఒకటే ఓవరీ. రెండు బాగుండాయని రాసినారే?" అని అడిగాను. కౌంటర్ అమ్మాయి రిపోర్టు తీసుకుంది. కంప్యూటర్లో ఆ వరుస సరిచేసి, కొత్త కాగితం తీసి, లోపలికి వెళ్లి సంతకం చేయించుకొచ్చింది. నన్ను మంచం మీద పడుకోమనలేదు. "టైపింగ్ మిస్టేక్, అవ్వళవుదాన్. ఇప్పుడు సరిపోయిందా?" అని నవ్వింది. అంతే, అంతకు మించి ఏమీ లేదట.

అంతదాకా అత్త నన్నే కసురుకుంటూ వచ్చింది. "డాక్టర్ల కంటే నీకు ఎక్కువ తెలుసునా, మాత్ర మింగు, మళ్లా నిలుస్తాది" అన్న మనిషే ఆ కాగితం చూసి కౌంటర్ మీద అరచేత్తో కొట్టింది.

"లేనిదాన్ని బాగుండాదని రాసినోడు, ఉండేదాన్ని లేదని రాయడా? పదమ్మా సుగుణా, వేలూరు పోదాం."

బస్సు దారిలో లత్తేరి ఊరు దాటేసరికి మళ్లీ మరక కనిపించింది, ఈసారి ఎర్రగా. నేను ఏడవడానికి కూడా భయపడి బిగుసుకుపోయి కూర్చున్నాను. అత్త నా చెయ్యి వదల్లేదు.

వేలూరులో చూసిన డాక్టరమ్మకు తెలుగు వచ్చు. ముందు పాత ఆపరేషన్ కాగితం చదివింది. నెలసరి సరిగ్గా వస్తుందా అని అడిగింది. నాకు నలభై రోజులకోసారి, ఒక్కోసారి యాభై రోజులకు వస్తుందని చెప్పాను. లోపలి నుంచి చేసే ట్రాన్స్‌వెజైనల్ స్కాన్ చేసింది. స్క్రీన్ నా వైపు తిప్పింది.

"చూడమ్మా, బిడ్డ మూడు మిల్లీమీటర్లు ఉంది. నీకు నెలసరి ఆలస్యంగా వస్తుంది కాబట్టి, నీ లెక్క కంటే కడుపుకు వారాలు తక్కువే అయ్యుండొచ్చు. ఈ సైజులో హార్ట్‌బీట్ కనపడకపోయినా, లేదని తేల్చకూడదు. పది రోజుల తర్వాత మళ్లీ చూద్దాం."

"అప్పుడు ఉంటాదా అమ్మా?"

"మాట ఇవ్వలేను. అప్పుడూ లేకపోతే ఒప్పుకోవాల్సిందే. కానీ అంతదాకా మాత్రలు వద్దు. బ్లీడింగ్ ఎక్కువైనా, నొప్పి వచ్చినా ఆగకుండా వచ్చేయ్."

ఆ పది రోజులు నేను ఎలా బతికానో చెప్పలేను. నాలుగో రోజు బ్లీడింగ్ పెరిగితే మళ్లీ వేలూరు పరుగెత్తాం. ఒక రోజు ఉంచుకుని పంపారు. శేఖర్ మగ్గం ఎక్కలేదు. ఇంట్లో ఎవరూ బిడ్డ మాట ఎత్తలేదు.

పదో రోజు స్క్రీన్ మీద చిన్న చుక్క టకటకా కొట్టుకుంది. "ఇదిగో హార్ట్‌బీట్" అంది డాక్టరమ్మ. అత్త ముందుకు వంగి ఆ చుక్కనే చూసింది. నాకు సంతోషం వెంటనే రాలేదు. సంచిలో ఆ మాత్రల కవరు ఇంకా ఉందని గుర్తొచ్చింది. బయటికి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. అది వేవిళ్ల వాంతి కాదు.

తర్వాత ఐదో నెలలో జరిగిన అనామలీ స్కాన్ చాలాసేపు పట్టింది. తల, గుండె, వెన్నెముక ఒక్కొక్కటీ చూపించి చెప్పారు. స్కాన్ అంటే ఇలా చేస్తారని నాకు అప్పుడే తెలిసింది.

పాప పుట్టాక శేఖర్ ఆ రిపోర్టునూ వేలూరు రిపోర్టునూ పట్టుకుని ఆ స్కాన్ డాక్టరు దగ్గరికి వెళ్లాడు. "నా బిడ్డ చచ్చిందని రాసినావు గదప్పా, ఇదేంది?" అని అడిగాడు. ఆ పెద్దమనిషి కాగితం చేత్తో కూడా ముట్టలేదు. "బిడ్డ బాగుంది కదా, ఇంకేం కావాలి?" అన్నాడట. తప్పు ఎవరికైనా జరుగుతుంది, దాన్ని నేను క్షమించగలను. ఈ మాటను మాత్రం క్షమించలేను. నాకు అనుమానం రావడానికి ఒక పాత ఆపరేషన్ ఉంది. అలాంటి ఆధారం ఏదీ లేని ఆడవాళ్లు మాత్ర మింగి, తమ రాత ఇంతేనని ఏడ్చుకుని ఉంటారు. మేము జిల్లా ఆరోగ్య అధికారులకు ఫిర్యాదు ఇచ్చాం. విచారణ జరుగుతోందని అంటున్నారు. ఆ గది ముందు క్యూ మాత్రం అలాగే ఉంది.

పాపకు ఇప్పుడు ఏడాదిన్నర. నేను మళ్లీ రాట్నం ముందు కూర్చుంటున్నాను. చుట్టిన కండెలన్నీ అది లాగి నూలు చిక్కు చేస్తుంది. శేఖర్ తిట్టబోయి నవ్వేస్తాడు. నాకు తెలుగు మాట్లాడడమే వచ్చు, రాయడం రాదు. చిత్తూరులో చదువుకున్న మా పిన్ని కూతురు నేను చెబుతుంటే ఇది రాస్తోంది.

చదివే అక్కచెల్లెళ్లకు ఒకే మాట. మొదటి వారాల్లో హార్ట్‌బీట్ లేదని ఎవరైనా చెబితే, బ్లీడింగ్ విపరీతంగా లేనప్పుడు, ఏ మాత్రా మింగకముందు, "వారం పది రోజుల తర్వాత ఇంకొకసారి స్కాన్ చేసి తేల్చండి" అని అడగండి. ఆ మాటకు విసుక్కునే చోట మాత్ర తీసుకోకండి. లేచి ఇంకో చోటికి వెళ్లండి.