పులుపు తిన్న బండ

ఆయన్ని అందరూ మట్టం మేస్త్రి అనేవారు. బండ మీద మట్టం పెడితే అందులోని బుడగ నడిమధ్య నిలవాలి. లేకపోతే ఊడబెరికి మళ్లీ పరిచేవాడు. ఆఖరికి మంచం కోళ్ల కింద కూడా చెక్కముక్కలు పెట్టి మట్టం సరిచూశాడని భార్య కనబడినవాళ్లందరికీ చెప్పి నవ్వేది.

అలాంటి మనిషి సొంత వంటింటి గట్టుకి మాత్రం చారల నాపరాయి వేశాడు. చారలు వంకరగా ఉన్నాయని గనివాళ్లు పక్కన పడేసిన రాయి అది, ఊరికే వచ్చింది. భార్య దాని మీదే నిమ్మకాయలు కోసి పిండేది. పులుపు నాపరాయిని తినేస్తుందని ఆయన మొత్తుకునేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

"మీ మట్టం మీది, నా నిమ్మకాయ నాది," అనేది ఆవిడ.

పొయ్యి పక్కన అరచేయంత గుంట పడింది. దాని గురించి వాళ్లు పోట్లాడుకోని వారం లేదు. ఆవిడ పోయాక గుంట మిగిలింది. రోజూ పొద్దున్నే టీ గ్లాసు అందులోనే పెట్టుకునేవాడు.

కూతురు పనిచేసే కాలేజీలో రాళ్ల పాఠాలు చెప్పే మేడమ్ ఒకసారి భోజనానికి వచ్చి, ఆకలి మాట మరిచి ఆ గట్టు దగ్గరే నిలబడిపోయింది. చేపా చెట్టూ పుట్టని కాలంలో సముద్రం అడుగున పాచి పొర మీద పొరగా పేరుకున్న గుర్తులట ఆ చారలు. రాయి గట్టిపడుతూ అప్పటి నీళ్లలో కరిగి ఉన్నవాటిని తనలో దాచుకుందట. పొడి చేసి చూస్తే ఆ నీళ్లలో ఆక్సిజన్ ఉందో లేదో ఆనవాళ్లు దొరుకుతాయట. గని ఎప్పుడో నీళ్లతో నిండిపోయింది. చేతికందే ముక్క ఇదొక్కటే.

"బండ మాకిస్తారా మేస్త్రిగారూ? కొత్తది వేయిస్తాం," అంది మేడమ్. "పులుపు తగిలిన పైపొర మాత్రం పనికిరాదండి. కోసి పారేసి, లోపలిది తీసుకుంటాం."

కాదంటే అంత పాత సముద్రం సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది. ఔనంటే భార్య చేతి గుర్తు చెత్తకుప్పలో పడుతుంది. మేస్త్రి కొన్నాళ్లు ఎటూ తేల్చుకోలేకపోయాడు. కూతురు తొందరపెట్టలేదు. చివరికి తనే మేడమ్‌ని పిలిపించాడు.

"సముద్రం మీరు తీసుకోండమ్మా. పారేసేదేదో నాకిచ్చెయ్యండి."

అలాగే పలకంత పైపొర తిరిగొచ్చింది. కొత్త బండలో దాని మేరకు చోటు చెక్కి, తన చేత్తోనే అతికించాడు. అలవాటు కొద్దీ మట్టం తెచ్చి గుంట మీద పెట్టాడు. బుడగ ఓ పక్కకి జరిగి ఆగిపోయింది. ఆయన కాసేపు దాన్నే చూసి, మట్టం తీసి సంచిలో వేసుకుని, టీ గ్లాసు తెచ్చి గుంటలో పెట్టాడు.