కళ్ళు తెరిచి చెప్పిన మాట

మనిషిని తిట్టాలనిపిస్తే ఎదురుగా నిలబడి తిట్టాలి. తిట్లు తిన్న మనిషికి తిరిగి అనడానికి నోరుంటుంది, వినేవాళ్ళకు ఎవరిది న్యాయమో తేల్చుకునే వీలుంటుంది. అంతేగాని కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, దేవుణ్ణి మధ్యలో కూర్చోబెట్టి ఆయన మీదుగా తిట్టడం ఏం మర్యాద? ఆ గురువారం ప్రార్థన కూటంలో కత్తెరమ్మ చేసింది సరిగ్గా ఆ పనే.

కత్తెరమ్మ అన్నది కుట్టుపని షెడ్డులో ఆమెకు పెట్టిన పేరు. ఇరవయ్యారేళ్ళుగా బట్ట కత్తిరించే బల్ల ఆమెదే. చేతిలో ఒక కత్తెర, నోట్లో ఇంకో కత్తెర అని మిషన్ల మీద కూర్చున్నవాళ్ళు నవ్వుకునేవారు. చాటుగానే లెండి. ఎదురుగా నవ్వే ధైర్యం యజమానికి కూడా లేదు. పని మాత్రం వంక పెట్టడానికి వీల్లేనిది. టేపు పెట్టి కొలిచేది ఒక్కసారే, కత్తిరించేది ఒక్కసారే.

భక్తిలో కూడా అంతే గట్టి మనిషి. గురువారం కూటం ఒక్కటి మానింది లేదు. వాళ్ళ సంఘంలో ఓ పద్ధతి ఉంది. కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు, ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేస్తారు. ఒకరు ప్రార్థిస్తుంటే ఇంకొకరు అడ్డు రాకూడదు, చివర అందరూ ఆమెన్ అనాలి. మంచి పద్ధతే. కానీ అడ్డు రాకూడదన్న చోట నోరున్నవాళ్ళకు ఎంత సౌకర్యమో కత్తెరమ్మ ఏనాడో కనిపెట్టింది. ఆలస్యంగా వచ్చేవాళ్ళకు బుద్ధి చెప్పాలన్నా, పాటలు పాడే ఆడవాళ్ళ గర్వం అణచాలన్నా అన్నీ ప్రార్థనలోనే. "ప్రభువా, ఇంట్లో చెప్పిన మాట వినని వాళ్ళకు వినే చెవులివ్వు" అని ఓసారి ప్రార్థిస్తే, పక్కనే కూర్చున్న ఆమె భర్త అందరికంటే ముందు ఆమెన్ అన్నాడు. ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎక్కడ బ్రేకు వెయ్యాలో తెలుసు.

ఇంతకీ ఆ గురువారం జరిగిందేమిటంటే, ముందు వెల్వెట్ అంగీల సంగతి చెప్పాలి.

ఓ పాటల బృందానికి ముప్పై పొడుగు అంగీలు కుట్టాల్సి వచ్చింది. ముదురెరుపు వెల్వెట్. వెల్వెట్‌కు నూగుంటుంది. ఒకవైపు నిమిరితే నున్నగా పోతుంది, ఎదురు నిమిరితే అరచేతికి అడ్డుతగులుతుంది. నూగు కిందికి ఉంటే ఒక రంగు, పైకి ఉంటే ఇంకో రంగు కనిపిస్తుంది. అందుకే ముక్కలన్నీ ఒకే దిక్కున ఉండాలి. మెడ నుంచి పాదాల దాకా ముందువైపు దిగే రెండు పట్టీలతో మరీ చిక్కు. అవి నిలువు ముక్కలు, ఏది తల ఏది కాలు ఆకారం చూసి చెప్పలేం. కాబట్టి కత్తిరించే మనిషి వెనకవైపు సుద్దతో బాణం గుర్తు వేస్తుంది, కుట్టే మనిషి బాణం పైకి పెట్టి కుడుతుంది. పైన అస్తరు పడ్డాక బాణం ఎవరికీ కనబడదు.

బుధవారం నాడు అంగీలు వరసగా తగిలించి లైటు వేసేసరికి షెడ్డంతా నోరు తెరిచింది. ప్రతి అంగీకి ఒక పట్టీ ఎరుపు, ఇంకోటి నలుపు తిరిగిన ఎరుపు. ముప్పైకి ముప్పై!

పట్టీలు కుట్టింది మూడో మిషనామె. వచ్చి ఏడాది కాలేదు గనక పేరు ఇంకా ఎవరి నోటికీ అలవాటు కాలేదు, మిషను నంబరుతోనే సరిపెడుతున్నారు. ఇలా మనిషిని నంబరు పెట్టి పిలవడం కూడా ఒక పాపమే. ఆ పాపంలో షెడ్డు మొత్తానికీ వాటా ఉంది. ఆమెకు మంచం పట్టిన తల్లి ఉంది. షెడ్డు ఇంటికి దగ్గర కాబట్టి మధ్యాహ్నం పరుగెత్తుకెళ్ళి తల్లిని ఒత్తిగిలించి, నాలుగు మెతుకులు పెట్టి వస్తుంది. ఈ పని పోతే అంత దగ్గర్లో ఇంకో పని లేదు.

"ఎడమా కుడీ అనుకుని ఒకదాన్ని తలకిందులు చేసుంటుంది. బాణాలు నేను చక్కగానే వేశాను" అంది కత్తెరమ్మ.

"నేను బాణం చూసే కుట్టానండీ" అంది మూడో మిషనామె.

యజమాని ఇద్దర్నీ చూశాడు. ఒకవైపు ఇరవయ్యారేళ్ళు, ఇంకోవైపు పది నెలలు. "తప్పు ఒప్పుకుని, విప్పి మళ్ళీ కుట్టు. ఉందువుగాని. ఒప్పుకోనంటే సోమవారం నుంచి రానక్కర్లేదు."

"చెయ్యని తప్పు ఎలా ఒప్పుకోనండీ?" అంది ఆమె. గొంతు పెంచలేదు, తల దించలేదు.

కత్తెరమ్మకు ఒళ్ళు మండిపోయింది. తప్పు చేసి, పైగా ఆ నిబ్బరం ఏమిటి? నన్ను అబద్ధాలకోరు అనడమేగా అది! ఆ మంట మర్నాడు కూటానికి కూడా వెంట వెళ్ళింది. మూడో మిషనామెదీ అదే సంఘం. ఎదురు కుర్చీలోనే కూర్చుంది. కత్తెరమ్మ వంతు వచ్చింది.

"ప్రభువా, మా మధ్యనే ఒక సహోదరి ఉంది. పనిలో తప్పు చేసింది, ఒప్పుకోవడానికి గర్వం అడ్డొస్తోంది. ఆ గుండె కరిగించు తండ్రీ! అబద్ధం ఆడే పెదవుల్ని నువ్వే ముట్టు! ఆమె మీద నాకేం కోపం లేదని నీకు తెలుసు..."

కోపం లేదట! గొంతు వీధి చివరిదాకా వినబడింది. మూసిన కళ్ళు ఒక్కొక్కటే సందు చేసుకుని ఎదురు కుర్చీ వైపు చూశాయి. ఆమె తల వంచుకునే ఉంది. అందరూ ఆమెన్ అన్నారు. చూశారా, ఒక్కరూ "అమ్మా, ఇదేం ప్రార్థన?" అని అడగలేదు. పాస్టరుగారు కూడా అడగలేదు.

శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డు ఖాళీ అయింది. విప్పే పని ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా అని కత్తెరమ్మే ఒక అంగీ తీసుకుని అస్తరు కుట్లు ఊడదీసింది. లోపల రెండు పట్టీలు, రెండు బాణాలు. రెండూ పైకే ఉన్నాయి.

పట్టీలు రెండూ అరచేత్తో నిమిరింది. ఒకటి నున్నగా పోయింది. రెండోది అడ్డుతగిలింది. ఇంకో అంగీ విప్పింది. ఇంకోటి విప్పింది. అన్నిటిలోనూ బాణాలు పైకే ఉన్నాయి, తన చేతి బాణాలే, తోక దగ్గర చిన్న వంకరతో సహా. కుట్టిన మనిషి అక్షరాలా బాణం చూసే కుట్టింది. బాణమే అబద్ధం చెప్పింది.

కత్తెరమ్మకు ముందు వచ్చింది పశ్చాత్తాపం కాదు, కోపం. బట్ట అమ్మినవాడి మీద కోపం, సుద్ద మీద కోపం, బుధవారం నాడు లైటు వేసినవాడి మీద కోపం. కోప్పడటానికి ఇంకెవరూ మిగలకపోయేసరికి అస్తరును గబగబా మళ్ళీ గుండుసూదులతో బిగించి, అంగీలు మడత పెట్టి, ఏమీ ఎరగనట్టు చేతులు కడుక్కుంది. అవును, దాచేసింది. నిత్యం ప్రార్థన చేసే మనిషి ఇలా చేస్తుందా అంటే, చేసింది.

మర్నాడు ఆదివారం. ప్రభువు బల్ల ఉన్న ఆదివారం. మనసులో తప్పు దాచుకుని వాటిని ముట్టకూడదు గనక, రొట్టె, ద్రాక్షరసం పంచే ముందు ఎవరిని వాళ్ళు పరీక్షించుకొమ్మని పాస్టరుగారు రెండు నిమిషాలు మౌనం ఇస్తారు. ఇన్నేళ్ళుగా ఆ రెండు నిమిషాలూ కత్తెరమ్మకు చాలేవి కావు. ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా సంఘమంతటినీ వరసగా పరీక్షించాలంటే మాటలా! ఈసారి మాత్రం చూపు ఎటూ పోలేదు. కళ్ళు మూసుకోగానే పట్టీలు కత్తిరించిన రోజు కళ్ళముందు నిలబడింది.

మామూలు బట్టైతే బల్ల మీద పోను ఒకసారి, రాను ఒకసారి మడతలుగా పరుస్తారు. వెల్వెట్‌ను అలా పరిస్తే ఒక పొర నూగు ఇటు, తర్వాతి పొర నూగు అటు పోతుంది. ప్రతి పొరా తెగ్గొట్టి మొదటి చివర నుంచే మళ్ళీ పరవాలి. పట్టీల రోజు ఆమె నోరు ఎవరికో హితబోధ చేస్తోంది, చేతులు అలవాటు కొద్దీ పోను ఒకసారి రాను ఒకసారి పరిచేశాయి. కత్తిరించిన కట్ట మీద నిమిరి చూడకుండానే బాణాలన్నీ ఒకే దిక్కుకు గీసేసింది. నిమిరి చూసుకోవడం కొత్తవాళ్ళ పని అని ఆమె నమ్మకం.

అంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. ఇది ఆమెకు శనివారం తెలిసిన సంగతి కాదు. బుధవారం లైటు వెలిగిన క్షణంలోనే పోను రాను పరిచానా అని ఒక్క మాట లోపల పలికింది. దాని నోరు నొక్కేసి, గురువారం వెళ్ళి అంత ప్రార్థన చేసింది.

రొట్టె పళ్ళెం వచ్చింది. కత్తెరమ్మ తీసుకోకుండా భర్తకు అందించింది. ఆయన పళ్ళేన్ని చూశాడు, ఆమెను చూశాడు. తన ముక్క తీసుకుని పళ్ళెం పక్కకు అందించాడు. వెనక బెంచీలో మాత్రం గుసగుస పుట్టనే పుట్టింది.

ఇంటికొచ్చి గది తలుపు వేసుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. "ఇరవయ్యారేళ్ళలో ఒక్క తప్పు! దాన్ని ముప్పై అంగీల మీద అందరికీ కనబడేట్టు తగిలించాలా? నేనేం ద్రోహం చేశాను నీకు?" అని దేవుడితో పోట్లాడింది. పోట్లాడి పోట్లాడి అలిసిపోయింది. ఆపితే గదిలో చప్పుడు లేదు. దేవుడి దగ్గర తను ఇన్నేళ్ళూ మాట్లాడిందే తప్ప ఒక్కసారీ ఊరుకోలేదని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. చాలాసేపటికి, ఎవరి గురించీ చెప్పకుండా, మొదటిసారి తన గురించి మాట్లాడింది.

"తండ్రీ, నేను అబద్ధమాడాను. నీ పేరు పెట్టి మరీ ఆడాను. చెబితే నా బల్ల పోతుందేమో. ఆ బల్ల లేకపోతే నేనెవర్నో నాకే తెలీదు. పోతే పోయిందనే ధైర్యం నాకు లేదు. అది కూడా నువ్వే ఇవ్వాలి."

ధైర్యం వచ్చినట్టేమీ అనిపించలేదు. సోమవారం పొద్దున కాళ్ళు మాత్రం నడిచాయి.

యజమాని అంతా విన్నాడు. అంగీ తిరగేసి బాణాలు చూశాడు. తర్వాత తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు. "పోనీలెండి, ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండనివ్వండి. ఆవిణ్ణి ఎలాగూ వద్దన్నాను. కుట్టేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు, కత్తిరించేవాళ్ళు దొరకరు."

ఒక మనిషి బతుకు అంత తేలికా! కత్తెరమ్మకు మళ్ళీ ఒళ్ళు మండింది. కాకపోతే ఈసారి మంట పడాల్సిన చోట పడింది.

"నిజం చెప్పినావిడ ఇంట్లో కూర్చోవాలి, అబద్ధం చెప్పిన నేను బల్ల దగ్గర నిలబడాలా? ఇదేం న్యాయమండీ? ఆమె మిషను ఆమెకివ్వండి. బల్ల నాకు ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం."

యజమాని అంగీ మడిచి పక్కన పెట్టాడు. "సరే, రమ్మనండి. కానీ ఇకమీదట మీరు వేసిన బాణాలు ఇంకొకరు నిమిరి చూశాకే కుట్టుకెళ్తాయి." ఆ మాట చెంపమీద కొట్టినట్టే తగిలింది. కత్తెరమ్మ తల ఊపింది.

మూడో మిషనామె ఇల్లు ఒకటే గది. తల్లిని పక్కకు ఒత్తిగిలించి, వీపు కింద దిండు సర్దుతోంది. గుమ్మంలో నిలబడే కత్తెరమ్మ జరిగింది చెప్పింది. బట్ట పరిచిన తీరు, బాణాలు, యజమాని మాట. "నీ పని నీకుందమ్మా. నన్ను క్షమించు" అంది. కన్నీళ్ళు కూడా సిద్ధంగా ఉన్నాయి. కౌగిలించుకుంటుందనీ, ఇద్దరూ ఏడుస్తారనీ దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది.

ఆమె దిండు సర్దడం పూర్తి చేసింది. లేచి నిలబడింది. ఆ నిబ్బరం అలాగే ఉంది. దాని కింద ఎంత కోపం ఉందో కత్తెరమ్మకు ఇప్పుడు కనబడింది.

"ఆ గురువారం మీ ప్రార్థనకు నేను కూడా ఆమెన్ అన్నానక్కా. మీరంత గట్టిగా దేవుడికి చెబుతుంటే, ఏమో, నిజంగా నేనే తప్పు చేశానేమో అనుకున్నా. మూడు రోజులు నా చేతుల్నే నేను నమ్మలేదు. అమ్మకు మందు పోస్తూ కూడా కొలత సరిగ్గా పోశానా అని మళ్ళీ మళ్ళీ చూసుకున్నా."

ఆమె వంగి దుప్పటిని తల్లి భుజాల దాకా లాగింది.

"పనికి రేపట్నుంచి వస్తాను. క్షమించమని మాత్రం ఇక్కడ, గుమ్మంలో అడక్కండి. అందరి ముందు అన్నారుగా. అందరి ముందే చెప్పండి."

గురువారం కుర్చీలు మామూలుగానే గుండ్రంగా వేశారు. కత్తెరమ్మ వంతు వచ్చేసరికి అందరూ తలలు వంచారు. ఆమె లేచి నిలబడింది.

"ఇది ప్రార్థన కాదు. దయచేసి కళ్ళు తెరవండి."

ఒకరిద్దరు తెరిచారు. మిగతావాళ్ళు తెరవాలా వద్దా అని మొహమాటపడి, మెల్లగా తెరిచారు. ఆమె భర్త కళ్ళు ముందునుంచే తెరిచి ఉన్నాయి. బట్ట ఎలా పరిచిందో, బాణం ఎలా వేసిందో, ఈ సహోదరి ఏ తప్పూ చెయ్యలేదని ఎలా తెలిసిందో కత్తెరమ్మ చెప్పుకుంటూ పోయింది. గొంతు ఈసారి గది దాటలేదు. ఎవరో ముక్కు చీదారు. పాస్టరుగారికి అంత నిజాన్ని ఒక్కసారిగా చూడటం కష్టమైనట్టుంది, చేతులెత్తారు.

"స్తోత్రం! ఎంత గొప్ప సాక్ష్యం! సహోదరులారా, కళ్ళు మూసుకుని ప్రార్థిద్దాం..."

"ఆగండి పాస్టరుగారూ" అంది మూడో మిషనామె. కూటంలో ఆమె గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. "అక్క ఇంకా పూర్తి చెయ్యలేదు."

చెప్పాల్సింది ఇంకా మిగిలి ఉందని ఆమెకెలా తెలిసిందో కత్తెరమ్మకు అర్థం కాలేదు. అక్కడితో కూర్చోవాలని కాళ్ళు ఎంతో బతిమాలాయి. కుర్చీ అంచు పట్టుకుని, ఎదురుగా ఉన్న ఆ ముఖంలోకి చూసింది.

"ఆ రోజు నేను ప్రార్థన చేసేటప్పటికే, తప్పు నాదేమోనని నాకు అనుమానం ఉంది. అందుకే అంత గట్టిగా చేశాను."