ఒరెస్ట్ బస్సులో మామిడి వాసన

కెనడాలో మా విన్నిపెగ్ ఊరి ఉత్తరపు పేటలో ఒరెస్ట్ బరనియుక్‌ని ఎరగనివాళ్ళు లేరు. సిటీ బస్సు నడుపుతాడు. ఆ బస్సుకి ఆఖరి స్టాపు మా వీధి చివరే, అక్కణ్ణించే మళ్ళీ వెనక్కి బయల్దేరుతుంది కాబట్టి ఎక్కేవాళ్ళలో నేనే మొదటిదాన్ని. కూర్చునేది కూడా వాడి వెనక సీట్లోనే. వాడు అంటున్నానని ఏమీ అనుకోకండి. చెడ్డీలు వేసుకు తిరిగిన రోజుల నుంచీ చూస్తున్నాను, యూనిఫాం వేసుకున్నా నాకు వాడు వాడే.

రూలంటే వాడికి ప్రాణం. సిగరెట్టే కాదు, ఈ-సిగరెట్టు కూడా బస్సులో కాల్చకూడదని అతికించిన స్టిక్కర్ని రోజూ గుడ్డపెట్టి తుడిచేవాడు. ఎవరైనా "ఇది పొగ కాదయ్యా, ఉత్త ఆవిరి" అని దబాయిస్తే, "ఆవిరి కావాలంటే ఇంటికెళ్ళి పొయ్యిమీద నీళ్ళు పెట్టుకో" అని మైకులో అనేవాడు. బస్సంతా ఘొల్లున నవ్వేది. నేనైతే మా ఒరెస్టే అని పక్కవాళ్ళకి గొప్పలు చెప్పుకునేదాన్ని.

మా ఊళ్ళో బస్సు దిగే ప్రతివాళ్ళూ డ్రైవరుకి థాంక్యూ చెబుతారు. వెనక తలుపులోంచి దిగేవాళ్ళయితే ముందుదాకా వినబడేలా అరిచి మరీ చెబుతారు. ఎంత తొందరలో ఉన్నా, ఎవరితో పోట్లాడుతున్నా సరే, ఆ మాట మాత్రం నోట్లోంచి వచ్చి తీరుతుంది.

ఆ శుక్రవారం చలి మైనస్ ముప్పై డిగ్రీలు. బస్సెక్కగానే మామిడిపండు వాసన.

"ఏరా, పళ్ళకొట్టు పెట్టావా?" అన్నాను.

"ఎవరో తినుంటార్లే పిన్నీ," అన్నాడు వెనక్కి తిరక్కుండా.

తర్వాతి స్టాపులో పదిమందితోపాటు మారివిక్ ఎక్కింది. ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆవిడ. ఎప్పట్లాగే వెళ్ళి వెనక తలుపు పక్కన కూర్చుంది. ఆ వెనకే వాల్టర్ అనే పెద్దమనిషి ఎక్కి, నాలుగడుగులు వేసి ముక్కు ఎగబీల్చాడు.

"ఎవరో ఆ దిక్కుమాలిన ఈ-సిగరెట్టు గొట్టం పీలుస్తున్నారు! వాటికే ఇలా పళ్ళ వాసనలు కలుపుతారు. ఒరెస్ట్, నిద్రపోతున్నావా ఏంటి?"

అందరూ వెనక్కి చూశారు. ఆ వెనక తలుపు సరిగ్గా మూసుకోదు. దాని పక్కన ఎవరు కూర్చున్నా చలికి నోట్లోంచి ఆవిరి వస్తుంది. అప్పుడు మారివిక్ నోటి ముందు తెల్లగా లేచింది అదే.

ఒరెస్ట్ అద్దంలోకి చూసి, స్టాపు రాగానే బస్సాపి మైకు అందుకున్నాడు.

"వెనక కూర్చున్న మేడమ్, మీ దగ్గర ఈ-సిగరెట్ ఉంది. దిగండి."

"నా దగ్గరా? అయ్యో, లేదండీ!" మారివిక్ కంగారుగా సంచీ వెతికి ఒక పొట్లం పైకెత్తింది. "ఎండబెట్టిన మామిడి ముక్కలండీ ఇవి. మా అక్క పంపింది. కావాలంటే తిని చూడండి."

"తర్వాతి బస్సులో రండి మేడమ్."

"డ్యూటీకి ఆలస్యమైపోతుందండీ. నాకు అసలు ఆ అలవాటే లేదు, ఒట్టు!"

"రూలు రూలే."

"ఒరే, ఆవిడ ఎక్కకముందే వాసన ఉంది కదరా, ఆ పొట్లమైనా చూడు!" అన్నాను. వినిపించుకోలేదు.

ఆమె లేచింది. ఎవరి మొహమూ చూడలేదు. పొట్లాన్ని సంచీలో కుక్కుకుని, తలుపు తెరుచుకోగానే ఒక కాలు కింద పెట్టి, అలవాటు కొద్దీ "థాంక్యూ!" అని అరిచింది. ఏమన్నదో అప్పుడు తెలిసొచ్చినట్టుంది, మఫ్లర్ మొహానికి అడ్డంగా లాక్కుంది.

ఇక అక్కణ్ణించి దిగిన వాళ్ళందరూ ఒరెస్ట్‌ని మెచ్చుకున్నవాళ్ళే. "నీలాంటి డ్రైవరు ఉండబట్టే ఊపిరాడుతోంది, థాంక్యూ" అని వాల్టర్ భుజం తట్టాడు. ఒరెస్ట్ మొహం కందగడ్డయింది. పొగిడితే సిగ్గుపడుతున్నాడనుకున్నాను నేను, వెర్రిదాన్ని.

సాయంత్రం నేను బంగాళాదుంప కూరిన పెరోగీలు ఉడకబెడుతుంటే వచ్చాడు. ఉన్ని టోపీ కూడా తీయకుండా వంటింటి కుర్చీలో కూలబడి, జేబులోంచి ఒక చిన్న గొట్టం తీసి బల్లమీద పెట్టాడు. మామిడి వాసన గుప్పుమంది.

"అది నాది పిన్నీ. సిగరెట్ మానేశానని ఇంట్లో, డిపోలో అందరి దగ్గరా కోతలు కోశాను. మానింది ఎక్కడ? దీనికి మారానంతే. ఆఖరి స్టాపులో బస్సు ఖాళీగా ఉంటుంది, బయట నిలబడదామంటే చలి కొరికేస్తోంది. వెనక సీట్లో కూర్చుని పీల్చాను."

"అంటే వాసన నీదని తెలిసే ఆమెని దించావా?"

"వాల్టర్ అరవగానే గుండె జారిపోయింది. ఎవరో ఒకర్ని దించేస్తే నా మీదికి రాదనుకున్నా." మొహం చేతుల్లో దాచుకున్నాడు. "థాంక్యూ అంది పిన్నీ. నాకు! చెంప పగలగొట్టినా ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఛీ, వెధవా! ఒక మనిషిని ఆ చలిలోకి తోసేసి, ఇక్కడికొచ్చి ఏడుస్తావా? నాకు చెబితే ఏమొస్తుందిరా? అందరి ముందూ మైకులో అన్నావు. అందరి ముందూ మైకులోనే చెప్పు!"

"ఉద్యోగం పోతుంది పిన్నీ."

పెరోగీలు పెట్టాను, ముట్టుకోకుండానే వెళ్ళిపోయాడు.

సోమవారం మారివిక్ ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే, ఎవరూ అడక్కుండానే, సంచీ నోరు తెరిచి వాడి ముందు పట్టుకుంది.

"చూసుకోండి. ఇవాళ మామిడి ముక్కలు కూడా తేలేదండీ."

నాకే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాడు ఆ సంచీలోకి చూడలేదు. మైకు తీశాడు.

"శుక్రవారం బస్సులో కాల్చింది నేను. ఈవిడ ఏ తప్పూ చేయలేదు. అది తెలిసే ఈవిణ్ణి దించేశాను. ఇవాళే ఆఫీసులో కూడా చెప్పేస్తాను." ఆమె వైపు తిరిగాడు. "క్షమించండి మేడమ్."

ఆమె వెనకే ఎక్కిన వాల్టర్ తలదించుకున్నాడు.

"ఎందుకు ఆలస్యమైందని మా సూపర్‌వైజర్ అడిగిందండీ," అంది మారివిక్ మెల్లగా. "బస్సులోంచి దించేశారని చెప్పుకోవడానికి సిగ్గేసి, నిద్రపోయానని చెప్పాను." సంచీ మూసుకుని వెళ్ళి తన చోట కూర్చుంది.

ఆసుపత్రి స్టాపు వచ్చింది. ఒరెస్ట్ అద్దంలోకే చూస్తున్నాడు. మారివిక్ వెనక తలుపు మెట్టు మీద ఆగింది, నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. థాంక్యూ అనకుండానే దిగి వెళ్ళిపోయింది. వాడు తలుపు మూయలేదు. చలి లోపలికి కొడుతూనే ఉంది. మూయమని బస్సులో ఎవరూ అనలేదు, నేను కూడా అనలేదు.